నీళ్ళు వదిలేది పైన, మునిగేది శివారు

(రొయ్యల ప్లాంట్లు, రైస్ మిల్లులు, ఆసుపత్రులు, కాలేజీల్లో హెచ్ఆర్ పని చూసేవాళ్ళ కోసం భీమవరంలో ఒక ఆదివారం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసి పెడుతున్నాం. మాట తడబడిన చోట్ల మాత్రమే సరిచేశాం.)

అందరికీ నమస్కారం.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి అడుగుతాను. ఈ హాల్లో మేనేజర్లు ఎంతమంది? హెచ్ఆర్ వాళ్ళు కాదు, మేనేజర్లు. ఒకసారి చేతులెత్తండి. పాతిక ముప్ఫై మంది ఉన్నట్టున్నారు. సరే, పొద్దున్న ఇక్కడికి వచ్చాక ఆఫీసు నుంచి ఒక్క ఫోను కూడా రానివాళ్ళు చేతులు అలాగే ఉంచండి. మిగతావాళ్ళు దించేయండి.

చూశారా? రెండు చేతులు మిగిలాయి. ఈ రోజు ఆదివారం.

నేను మాట్లాడబోయేది దీని గురించే. మేనేజర్ పనికి ఒక హద్దు ఉండాలని అందరం అంటాం. ఆ హద్దు ఎవరు గీయాలి? మేనేజరే గీసుకోవాలి అంటారు చాలామంది. నేనూ చాలా ఏళ్ళు అలాగే అన్నాను. అది తప్పని నాకు ఒక క్యారేజీ నేర్పింది. ముందు ఆ క్యారేజీ సంగతి చెబుతాను.

నేను ఇరవై ఏళ్ళ పైనుంచి ఈ పనిలో ఉన్నాను, ఎక్కువ కాలం రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలోనే. కొన్నేళ్ళ కిందట ఒక ప్లాంటులో ఉండగా జరిగింది ఇది. ఏ ప్లాంటో చెప్పను. అక్కడ ఒక ప్రొడక్షన్ మేనేజర్ ఉండేవారు. నెమ్మదస్తుడు, పని తెలిసిన మనిషి. ఎవరేం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అనేవారు. ఎండీ గారు చెప్పినా అలాగేనండి, సరుకు కొనే ఆయన చెప్పినా అలాగేనండి, నేను వెళ్ళి అటెండెన్స్ కాగితాలు అడిగినా అలాగేనండి. మన గోదావరి వాళ్ళ మర్యాద మీకు తెలియనిది కాదు కదా. ఎదుటివాడి మొహం మీద కాదు అనడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు.

ఒక రోజు వాళ్ళావిడ నాకు ఫోన్ చేసింది. "అక్కా, మీతో ఒక మాట చెప్పొచ్చా?" అంది. చెప్పమ్మా అన్నాను. "పొద్దున్న నేను కట్టిచ్చిన క్యారేజీ రాత్రి అలాగే తిరిగొస్తోందక్కా. మూత కూడా తియ్యట్లేదు. వారం నుంచీ ఇదే వరస. అడిగితే తిన్నానంటున్నారు. నేను ఫోన్ చేసినట్టు ఆయనకి చెప్పకండి" అంది.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళి చూశాను. సరుకు దింపుకునే షెడ్డు పక్కన ఆయనకి చిన్న గది. బల్ల మీద నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. దాని మీద అట్ట, అట్ట మీద గేట్ పాసుల కట్ట, డీజిల్ ఇండెంటు పుస్తకం, విదేశీ బయ్యర్ ఆడిట్‌కి పంపాల్సిన కాగితాలు. ఆయన నిలబడే సంతకాలు పెడుతున్నారు. ఆ ఎత్తు చేతికి సరిపోయిందనుకుంటాను. అన్నం క్యారేజీ కాగితాలు పెట్టుకునే పీట అయిపోయింది. టైము మూడున్నర. ముందు రోజు రాత్రి రెండింటికి ఇంటికెళ్ళి, పొద్దున్న ఆరున్నరకి మళ్ళీ వచ్చారు.

అది రొయ్యలకి తెల్లమచ్చ జబ్బు తిరుగుతున్న సీజను. మీకు తెలుసు, ఒక చెరువులో తెల్లమచ్చ కనిపించిందంటే చుట్టుపక్కల రైతులందరూ ఒకేసారి పట్టుబడికి దిగుతారు. పదిరోజుల్లో రావాల్సిన సరుకు రెండు రాత్రుల్లో వచ్చి గేటు ముందు నిలబడుతుంది. రైతు ఆగలేడు, రొయ్య ఆగదు, ఐసు కరిగిపోతూ ఉంటుంది. లారీ డ్రైవరు హారన్ కొడుతూ ఉంటాడు. అప్పుడు అందరూ చేసే ఫోను ఎవరికి? ఆ ఒక్క మనిషికి.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? ఆయన్ని టైమ్ మేనేజ్‌మెంట్ ట్రైనింగ్‌కి పంపాను. విశాఖపట్నంలో రెండు రోజులు. మంచి మనసుతోనే పంపాను. పనులకి వరస ఎలా పెట్టుకోవాలి, వద్దనడం ఎలా, ఇవన్నీ చెప్పారట. ఆయన తిరిగొచ్చేసరికి ఆ రెండు రోజుల పని కూడా బల్ల మీద పేరుకుని ఉంది. నాలుగు నెలల తర్వాత రాజీనామా ఇచ్చారు. లెటర్లో "వ్యక్తిగత కారణాల వల్ల" అని రాశారు. ఆ మాట మీ ఫైళ్ళలో ఎన్ని లెటర్లలో ఉందో మీకే తెలుసు.

నేను చేసిన పని ఎలాంటిదంటే, పైనుంచి వరద వదులుతూ, శివారు చేను రైతుని పిలిచి ఈత నేర్పడం లాంటిది. ఆయనకి ఈత రాకపోవడం కాదు అక్కడ సమస్య. నీళ్ళు వదిలే చోట ఎవరూ నిలబడలేదు. మునుగుతున్న చోట అందరం నిలబడి ఆయనకి సలహాలు చెప్పాం.

మనం డెల్టా వాళ్ళం. నీటి లెక్క మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర 1852లో పూర్తి చేసిన దగ్గర్నుంచి ఈ నేల అంతా ఒక్క సూత్రం మీదే బతుకుతోంది. నీళ్ళు ఎంత వదలాలో తల దగ్గర నిర్ణయిస్తారు. తూర్పు డెల్టాకి ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టాకి బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకి విజ్జేశ్వరం దగ్గర హెడ్ స్లూయిస్‌లు, అంటే కాలువలోకి నీళ్ళు వదిలే తలుపులు. అక్కడ కొలిచి వదిలితేనే కింద లాకుల దగ్గర, తూముల దగ్గర, చివరికి పంట బోదె దగ్గర లెక్క నిలబడుతుంది. తల దగ్గర కొలవకుండా వదిలేసి శివారు రైతుని "నువ్వే సర్దుకో" అంటే ఏమవుతుంది? ఎండితే ఎండుతుంది, మునిగితే మునుగుతుంది. మీ ప్లాంటులో, మీ ఆసుపత్రిలో పనికి హెడ్ స్లూయిస్ ఎక్కడుంది? అక్కడ ఎవరు నిలబడ్డారు? హెచ్ఆర్ వాళ్ళని నేను అడిగేది అదొక్కటే.

ఇక్కడ చట్టం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఇది తెలియదు. 1948 ఫ్యాక్టరీల చట్టం కార్మికుడికి ఒక గట్టు వేసింది. వారానికి 48 గంటలు, రోజుకి 9 గంటలు, ఐదు గంటలు చేశాక కనీసం అరగంట విరామం, ఓవర్‌టైమ్ చేస్తే రెట్టింపు కూలి. ఆ అంకెలు మారుతూ వచ్చాయి, ఇంకా మారతాయి. ఎక్కువా తక్కువా అన్నది వేరే చర్చ. కానీ ఒక అంకె ఉంది. మన షెడ్డులో తలలు తీసే అమ్మాయికి అంకె ఉంది. మరి ఆ షెడ్డు నడిపే మేనేజర్‌కి? లేదు. పర్యవేక్షణలో, మేనేజ్‌మెంట్‌లో ఉన్నవాళ్ళని పని గంటల నిబంధనల నుంచి తప్పించే వీలు ఆ చట్టంలోనే ఉండేది. 2020లో పార్లమెంటు చేసిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ అంతే. వర్కర్ అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోకి మేనేజర్ రాడు. సూపర్‌వైజర్ పని చేసేవాడి జీతం నెలకి 18,000 రూపాయలు దాటితే అతనూ రాడు.

ఇది మన దేశంలో పుట్టిన పద్ధతి కూడా కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొట్టమొదటి ఒప్పందమే ఫ్యాక్టరీల్లో పని గంటల మీద. రోజుకి ఎనిమిది, వారానికి 48. అందులోనే రాశారు, సూపర్‌విజన్, మేనేజ్‌మెంట్ ఉద్యోగాలకి ఇది వర్తించదని. అప్పట్లో వాళ్ళ ఆలోచన ఏమిటంటే, మేనేజర్ చేతిలో అధికారం ఉంటుంది, తన టైము తనే చూసుకుంటాడు అని. ఆ రోజు అది నిజమేమో. ఈ రోజు మన మేనేజర్ల చేతిలో ఉన్నది ఏమిటి? ఫోను. పైన ఎండీ గారు, కింద రెండు వందల మంది, మధ్యలో ఫోను.

పని ఒత్తిడి మీద పరిశోధన చేసిన రాబర్ట్ కరాసెక్ అనే ఆయన 1979లో ఒక మాట చెప్పాడు. మనిషిని దెబ్బతీసేది పని ఎక్కువ కావడం ఒక్కటే కాదట. పని ఎక్కువై, ఆ పని మీద పగ్గం తన చేతిలో లేకపోవడమట. రెండూ కలిసినప్పుడే మనిషి కుంగిపోతాడు. నాకు ఇది చదివినప్పుడు ఆ క్యారేజీయే గుర్తొచ్చింది. అంకెలు కావాలంటే అవీ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్కలు ఇచ్చాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే, 55 గంటలు దాటి పనిచేసేవాళ్ళకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మీలో మేనేజర్లు ఇంటికెళ్ళాక పోయిన వారం గంటలు ఒక కాగితం మీద కూడి చూసుకోండి. దయచేసి చూసుకోండి. నేను భయపెట్టడానికి చెప్పట్లేదు.

సరే, ఏం చెయ్యాలి? తర్వాత నేను ఇంకో ప్లాంటుకి మారాను. అక్కడ మొదటి నుంచీ వేరేగా చెయ్యాలని పట్టుబట్టాను. అన్నీ కుదరలేదు. కుదిరినవి చెబుతాను.

మొదట చేసింది ఒక నోటు పుస్తకం పెట్టడం. రెండు రూళ్ళ మామూలు పుస్తకం. పదిహేను రోజులు నేను, మా ఆఫీసులో ఇంకో అమ్మాయి, వంతులు వేసుకుని మేనేజర్ల దగ్గర కూర్చున్నాం. వాళ్ళని రాయమనలేదు. అది వాళ్ళకి మరో పని అవుతుంది కదా. మేమే రాశాం. ఏ పని వచ్చింది, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఎలా వచ్చింది, ఇంతే. ఎంతసేపు పట్టిందన్నది తర్వాత.

ఆ పుస్తకం చదివితే కళ్ళు తెరుచుకున్నాయి. ప్రొడక్షన్ మేనేజర్ అసలు పని ఏమిటి? వచ్చిన సరుకు గ్రేడింగ్ అయి, గడ్డకట్టి, లోపలి దాకా మైనస్ 18 డిగ్రీలకి వచ్చి కోల్డ్ స్టోరేజీలోకి వెళ్ళడం. ఆ పని రోజులో సగం కూడా లేదు. మిగతాదంతా ఏమిటి? గేటు దగ్గర ఎవరో చుట్టాలొస్తే ప్లాంటు చూపించడం. క్యాంటీన్ గ్యాసు బండ. లేడీస్ బస్సు డ్రైవరు రాలేదని ఫోను. ఎండీ గారి ఇంట్లో పెళ్ళికి ఐసు పంపించడం. పదకొండు వాట్సాప్ గ్రూపులు. అన్నిటికంటే పెద్దది సంతకం. గేట్ పాసుకి ఆయన సంతకం, డీజిల్‌కి ఆయన సంతకం, రెండు వందల రూపాయల బల్బుకి ఆయన సంతకం. సంతకం కోసం మనుషులు ఆయన గది ముందు క్యూ కట్టి నిలబడేవాళ్ళు.

హెచ్ఆర్ వాళ్ళందరూ దయచేసి వినండి. ఇది మన చేతిలో ఉన్న పని. ఎవరు దేనికి సంతకం పెట్టొచ్చు అన్నది రాసేది ఎవరు? మనమే కదా. అధికారాల కాగితం ఒకటి ఉంటుంది, చాలా చోట్ల కంపెనీ పెట్టిన రోజు రాసింది, మళ్ళీ ముట్టుకోలేదు. మేము దాన్ని తీసి మార్చాం. అయిదు వేల లోపు సామాన్లకి షిఫ్ట్ ఇన్‌ఛార్జి సంతకం చాలు. గేట్ పాసులు సెక్యూరిటీ సూపర్‌వైజర్‌కి. చుట్టాలకి ప్లాంటు చూపించే పని ఆఫీసు మేనేజర్‌కి, అది కూడా ముందు రోజు చెబితేనే. ఎండీ గారి ముందు పెట్టి ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. "ఇన్ని చేతుల్లో సంతకం పెడితే దొంగతనాలు జరగవా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నెలకోసారి అకౌంట్స్ వాళ్ళు ఆ సంతకాలన్నీ సరిచూసేలా పెట్టాం. ఆ గది ముందు క్యూ పోయింది. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల్లో దాన్ని ఒకటిగా లెక్కపెట్టుకుంటాను.

ఇక కొలబద్ద సంగతి. ఇది మనసు పెట్టి వినండి.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకి రెండోది. 17.75కి మూడోది. ఇక్కడున్న వాళ్ళలో 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి ఆ అంకెల విలువ నేను చెప్పక్కర్లేదు. ఆ అంకెలు వరద వచ్చినప్పుడు కూర్చుని ఆలోచించినవి కావు. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు రాసి పెట్టుకున్నవి. మొదటి హెచ్చరిక వస్తే ఎవరేం చెయ్యాలి, రెండోది వస్తే లంకల్లో వాళ్ళని ఎటు పంపాలి, ముందే ఉంటుంది. లంకలో ఉన్న మనిషి ఎవరి దగ్గరికో వెళ్ళి "అయ్యా, నాకు భయంగా ఉంది" అని రుజువు చెయ్యక్కర్లేదు. కొలబద్ద చెబుతుంది.

మన ప్లాంట్లలో మెషీనుకి ఇలాంటి అంకె ఉంది. ప్లేట్ ఫ్రీజర్‌కి ఒక లోడు ఉంటుంది. దాని మీద ఒక్క ట్రే ఎక్కువ పెట్టమంటే మెయింటెనెన్స్ వాళ్ళు ఒప్పుకోరు. ఎండీ గారు స్వయంగా వచ్చి చెప్పినా ఒప్పుకోరు. "గడ్డకట్టదు సార్" అంటారు, ఆయన వెనక్కి వెళ్ళిపోతారు. ఎవరూ ఆ ఫ్రీజర్‌ని బద్ధకస్తురాలు అనరు. దానికి కమిట్‌మెంట్ లేదని అనరు. మరి మనిషికి ఆ లోడు ఎందుకు రాసిపెట్టం? మనిషి గడ్డకట్టకపోతే మనకి కనబడదు. తేడా అంతే.

మేము రాసిపెట్టాం. సీజను లేనప్పుడు, మేనేజర్లని కూర్చోబెట్టుకుని, వాళ్ళతోనే అంకెలు వేయించాం. మూడు సంగతులు చూశాం. వారంలో రాత్రి పది దాటాక ఎన్నిసార్లు ప్లాంటులో ఉన్నారు. వీక్లీ ఆఫ్ తీసుకుని ఎన్ని రోజులైంది. ఈ వారంలోపు తేల్చాల్సిన పెద్ద పనులు ఎన్ని చేతిలో ఉన్నాయి. వారంలో రెండు రాత్రులు పది దాటితే, లేదా ఒక వీక్లీ ఆఫ్ పోతే, మొదటి హెచ్చరిక. అప్పుడు ఆయన వెళ్ళాల్సిన మీటింగులన్నీ హెచ్ఆరే రద్దు చేస్తుంది, ఆయన అడగక్కర్లేదు. మూడు రాత్రులకి రెండో హెచ్చరిక. పక్క డిపార్ట్‌మెంటు నుంచి ఒక మనిషి వచ్చి కాగితం పనంతా తీసుకోవాలి. నాలుగు రాత్రులైనా, వరసగా రెండు వీక్లీ ఆఫ్‌లు పోయినా మూడోది. అప్పుడు ఏ పని ఆపాలో ఎండీ గారే చెప్పాలి, కాగితం మీద రాసి చెప్పాలి. ఇంకో మనిషిని ఇస్తారా, ఒక ఆర్డరు వెనక్కి పెడతారా, సరుకు వద్దంటారా, ఆయన ఇష్టం. కానీ "ఎలాగోలా చూసుకో" అనే మాట మాత్రం మూడో హెచ్చరిక తర్వాత చెల్లదు.

మీ దగ్గర ఇవే అంకెలు పనికిరావు. ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటుకి రాత్రులు లెక్కపెడితే అర్థం లేదు, డ్యూటీ చార్టులో ఖాళీలు ఎన్ని తనే నింపిందో లెక్కపెట్టాలి. కాలేజీ ప్రిన్సిపాల్‌కి అడ్మిషన్ల నెల వేరు, పరీక్షల నెల వేరు. రైస్ మిల్లులో సార్వా కోతలయ్యాక ఒక లెక్క, దాళ్వా అయ్యాక ఒక లెక్క. అంకె మీరే వేసుకోండి. కానీ వరద రాకముందు వేసుకోండి.

మాట సంగతి కూడా చెప్పాలి. మేనేజర్‌కి కాదు అనడం నేర్పండి అంటారు. మన దగ్గర అది కుదరదు. యాభై ఏళ్ళ పెద్దాయన, ఊళ్ళో అందరూ గౌరవించే ఓనరు గారు, వాళ్ళ నాన్నగారి నుంచీ పరిచయం. ఆయన మొహం మీద కాదు అని ఎలా అంటాడు? అనలేడు. అనమని ఒత్తిడి పెట్టడం కూడా నాకు సబబుగా తోచదు. మేము ఇంకో మాట నేర్పాం. "అలాగేనండి. ఇది ఇవాళ చేస్తాను. దీని బదులు ఈ మూడింట్లో ఏది రేపటికి పెట్టమంటారు?" అంతే. అలాగేనండి అనే మాట పోలేదు. మర్యాద పోలేదు. కానీ పని పెరిగిందన్న సంగతి పని ఇచ్చినవాళ్ళకి కనబడింది. ఈ మాట మేనేజర్లకి ఒక్కళ్ళకే నేర్పితే చాలదు. ముందు ఓనరు గారి దగ్గరికి వెళ్ళి, "సార్, రేపటి నుంచి మీవాళ్ళు మిమ్మల్ని ఇలా అడుగుతారు, ఇది ఎదురు చెప్పడం కాదు, నేనే అడగమన్నాను" అని మనం చెప్పి రావాలి. తిట్లు పడితే మనకి పడాలి. జీతం తీసుకునేది అందుకే.

ఫోను గురించి. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి, డ్యూటీ అయ్యాక ఆఫీసు ఫోను ఎత్తకపోయే హక్కుకి చట్టం తెచ్చారు. మనకి అలాంటి చట్టం లేదు. పైగా రొయ్య రాత్రిపూట వస్తుంది, ఫోను ఎవరో ఒకరు ఎత్తాలి. కాబట్టి మేము ప్లాంటు పేరు మీద ఒక ఫోను కొన్నాం. బటన్ల ఫోను, వెయ్యి పదిహేను వందల్లో వచ్చేది. రైతులకి, లారీ వాళ్ళకి, ఐసు ఫ్యాక్టరీకి అందరికీ ఆ నంబరే ఇచ్చాం. రాత్రి తొమ్మిదికి మేనేజర్ ఆ ఫోను షిఫ్ట్ ఇన్‌ఛార్జి చేతికిచ్చి, పుస్తకంలో టైము రాసి వెళ్తారు. పొద్దున్న మళ్ళీ తీసుకుంటారు. మొదటి నెల ఎవరూ నమ్మలేదు, ఆయన సొంత నంబరుకే చేశారు. ఆయన ఎత్తి, "బాబాయ్, ఆ నంబరుకి చెయ్యండి" అని పెట్టేసేవారు. రెండు నెలలకి అలవాటైంది. ఆ ఫోను వెనకాల ఒక రబ్బరు బ్యాండు వేసి పేపరు ముక్క పెట్టుకున్నారు, ఏ రాత్రి ఏ అవసరానికి నిజంగా మేనేజర్‌ని లేపాలో అందులో నాలుగు మాటల్లో రాసుంది. అమోనియా లీకు, కరెంటు పోయి జనరేటర్ రాకపోవడం, ఎవరికైనా దెబ్బ తగలడం. లారీ లేటు అన్నది అందులో లేదు.

ఇది రెండు వైపులా ఉండాలి. మేనేజర్ తన కింద వాళ్ళకి రాత్రి పదకొండింటికి మెసేజ్ పెడితే, ఆయన గట్టు ఆయనే తెంపుకున్నట్టు. ముఖ్యంగా ఆడవాళ్ళు ఇంటికెళ్ళి మళ్ళీ ఇంకో డ్యూటీ మొదలుపెడతారు. ఆ మాట ఇక్కడున్న అమ్మలందరికీ తెలుసు, నేను సాగదియ్యను.

సెలవు దగ్గరికి వస్తాను. "మేడమ్, నేను సెలవు పెడితే ప్లాంటు ఆగిపోతుంది" అంటారు మేనేజర్లు. అయ్యా, మన కాలువలే ఏటా ఆగుతాయి కదా! ప్రతి వేసవిలో కాలువలు కట్టేస్తారు. పూడిక తీస్తారు, లాకులకి మరమ్మతులు చేస్తారు. లక్షల ఎకరాలకి నీళ్ళిచ్చే కాలువ ఆగితే డెల్టా మునిగిపోయిందా? లేదు. ఎందుకు లేదు? తేదీ ముందే చెబుతారు. కట్టేసే లోపు ఊరి మంచినీళ్ళ చెరువులు నింపుకోమంటారు. నింపుకుంటాం. సెలవు కూడా అంతే. తేదీ ముందు చెప్పాలి, చెరువులు నింపాలి. ఆయన లేనప్పుడు ఎవరు నిర్ణయం తీసుకుంటారో పేరు పెట్టి, సంతకం అధికారంతో సహా కాగితం ఇవ్వాలి. కాగితం ఇవ్వకుండా "ఫలానా ఆయన చూసుకుంటారులే" అంటే ఆ సెలవు సెలవు కాదు, ఇంటి నుంచి ఉద్యోగం. సంక్రాంతికి చూడండి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ రోజు ఎవరైనా మేనేజర్‌కి ఫోన్ చేసి గేట్ పాసు అడుగుతారా? అడగరు. అందరూ ఒప్పుకున్న హద్దు కాబట్టి. ఒక్కడు గీసుకున్న హద్దుని అందరూ తొక్కుతారు, అందరూ కలిసి గీసినదాన్ని తొక్కడానికి కాలు రాదు.

చిన్న మిల్లుల వాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకు హెచ్ఆర్ డిపార్ట్‌మెంటే లేదు, గుమస్తా గారే జీతాలు రాస్తారు, ఆయనే లీవులు రాస్తారు. నాకు తెలుసు. మీరు ఇవన్నీ చెయ్యలేరు. సంతకాల కాగితం ఒక్కటి మార్చండి. ఒక్కటే. అది ఒక్క మధ్యాహ్నం పని.

ఇంకా పెద్ద కంపెనీల వాళ్ళకి ఒక విన్నపం. యోగా క్లాసు పెట్టండి, మంచిదే, నేనూ చేస్తాను. కానీ పని తగ్గించకుండా యోగా పెడితే, ఆ మేనేజర్ ఆ గంట కోసం ఇంకో గంట ముందు లేస్తాడు. ముందు పని సంగతి చూడండి.

చివరిగా, మా ప్లాంటులో ఆ కొలబద్ద పెట్టాక జరిగిన ఒక్క సంగతి చెప్పి మైకు ఇచ్చేస్తాను. పోయిన సీజన్లో మొదటి హెచ్చరిక చాలాసార్లు వచ్చింది. రెండోది మూడుసార్లు. మూడోది ఒక్కసారే వచ్చింది, వర్షాలు పడి చెరువులన్నీ ఒకేసారి పట్టుబడికి వచ్చిన వారం. సాయంత్రం ఏడింటికి నేను ఆ కాగితం తీసుకుని ఎండీ గారి గదిలోకి వెళ్ళాను. టెన్షన్‌గానే వెళ్ళాను. ఆయన చదివారు. కాసేపు ఏం మాట్లాడలేదు. అప్పటికి మూడు లారీలు దారిలో ఉన్నాయి. రెండిటిని మేము దింపుకోలేం. ఫ్రీజర్లలో చోటుంది, చోటు లేక కాదు. ఆయన ఆ సరుకు పంపుతున్న రైతుకి ఫోన్ చేశారు. ఇన్నేళ్ళూ నేను విన్నది ఒక్కటే మాట, సరుకు వద్దంటే "ఫ్రీజరు ఖాళీ లేదు" అనేవారు. ఆ రోజు నేను పక్కనే నిలబడి విన్నాను. "బాబాయ్, ఏమీ అనుకోకు. ఐసు నేను పంపిస్తాను, రేటు తేడా వస్తే నేను చూస్తాను. రెండు లారీలు పక్క ప్లాంటుకి తిప్పు. ఈ రాత్రికి నా దగ్గర మనుషులు సరిపోరు" అన్నారు.